వర్కింగ్ ఫైళ్లు ఎవరివి? ఒప్పందాలు తేల్చకుండా వదిలేసే ఒక మాట

ఒక బియ్యం మిల్లు పదేళ్లుగా ఒకే అకౌంటెంట్ దగ్గర లెక్కలు రాయించుకుంటోందనుకుందాం. ఫీజు దగ్గర మాటా మాటా వచ్చి యజమాని వేరే ఆఫీసుకు మారాడు. పాత అకౌంటెంట్ గొడవేమీ పెట్టుకోలేదు. దాఖలైన రిటర్నులు, సంతకాలైన బ్యాలెన్స్ షీట్లు, అట్టపెట్టెల్లో బిల్లుల కట్టలు అన్నీ ఆటోలో వేసి పంపించేశాడు. కొత్త ఆఫీసులో వాటిని తిరగేసిన మనిషి అడిగిన మొదటి మాట: ‘జీఎస్టీఆర్-2బీతో కొనుగోళ్లు సరిచూసిన ఎక్సెల్ షీట్ ఏదండీ?’ (సప్లయర్లు దాఖలు చేసిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే జాబితా జీఎస్టీఆర్-2బీ.) యజమాని ఫోన్ చేస్తే పాతాయన ఒక్క ముక్కలో తేల్చేశాడు: ‘అది నా వర్కింగ్ అండీ, మీ రికార్డు కాదు.’

ఇద్దరి మధ్యా ఉన్న కాగితం ఒక పేజీ లెటర్. ‘పని ముగిశాక రికార్డులన్నీ క్లయింట్‌కు అప్పగించాలి’ అని అందులో ఒక వాక్యం ఉంది. రికార్డు అంటే ఏమిటో మాత్రం ఎక్కడా లేదు. ఆ షీట్‌లో ఉన్న ప్రతి అంకె మిల్లుదే. ఆ అంకెల్ని ఆ వరసలో పేర్చి, తేడా వచ్చిన గడికి పసుపు రంగు వేసి, పక్కన ‘సప్లయర్ ఇంకా ఫైల్ చేయలేదు, మార్చిలో చూడాలి’ అని రాసుకున్న ఆలోచన అకౌంటెంట్‌ది. షీట్ ఎవరిదని అడిగితే ఇద్దరి వాదనా సబబుగానే కనిపిస్తుంది. తేల్చాల్సింది ఒప్పందం. ఆ లెటర్ తేల్చలేదు.

ఒప్పందం రాసేటప్పుడు అందరి చూపూ ఫీజు, గడువు, జరిమానాల మీదే ఉంటుంది. నిర్వచనాల పేజీ పాత ఒప్పందం నుంచి కాపీ అయి వస్తుంది. పని సజావుగా సాగినంత కాలం ఆ పేజీతో ఎవరికీ పని పడదు. విడిపోయే రోజున, లేదా పన్ను అధికారి నోటీసు వచ్చిన రోజున, రెండు పక్షాలూ వెతుక్కునేది ఆ పేజీనే.

చిట్టా, ఆవర్జా, విడి కాగితం

చిత్తుకీ పక్కా లెక్కకీ మధ్య గీత గీయడం తెలుగు వ్యాపారులకు కొత్త కాదు. ఏ రోజు వ్యవహారం ఆ రోజు వరసగా పడేది చిట్టా. అందులోంచి మనిషి పేరునో పద్దునో బట్టి విడదీసి ఎక్కించేది ఆవర్జా. ఈ రెండూ కాక గుమాస్తా చేతి దగ్గర చిత్తు కాగితాలు ఎప్పుడూ ఉంటాయి: సంచుల లెక్క, నోటి మాట మీద ఇచ్చిన చేబదులు, సాయంత్రం కూడికలు. తగువు వచ్చినప్పుడు పెద్దమనుషుల ముందు పెట్టేది చిట్టా, ఆవర్జా. చిత్తు కాగితం గుమాస్తా జేబులోనే ఉండిపోయేది.

చట్టం గీసిన గీత కూడా ఇంచుమించు అక్కడే ఉంది. వ్యాపార క్రమంలో క్రమం తప్పకుండా రాసిన లెక్కల పుస్తకాల్లోని పద్దులు సాక్ష్యంగా పనికొస్తాయని పాత సాక్ష్య చట్టంలోని 34వ సెక్షన్ చెప్పేది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో అదే మాట 28వ సెక్షన్‌లో ఉంది. ‘పుస్తకం’ అంటే ఏమిటన్న ప్రశ్న 1998లో, రాజకీయ నాయకులకు ముడుపులు అందాయన్న జైన్ హవాలా కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. సీబీఐ వర్సెస్ వి.సి. శుక్లా తీర్పులో కోర్టు కలిపి కుట్టిన కాగితాలనే పుస్తకం అంది. స్పైరల్ నోటుబుక్కులు ఆ కొలతకు సరిపోయాయి, ఫైల్లో పెట్టిన విడి కాగితాలు సరిపోలేదు. పైగా, పుస్తకంలో ఉన్న పద్దయినా అదొక్కటే పట్టుకుని ఇంకొకరి మీద బాధ్యత మోపలేమని కూడా చెప్పింది.

ఆ తీర్పును ఒప్పందాలకు నేరుగా అతికించలేం. అది సాక్ష్యం గురించినది, సొత్తు గురించినది కాదు. కానీ ఒక విషయం మాత్రం చూపిస్తుంది. ‘పుస్తకం’ లాంటి రోజూ వాడే మాటకు కూడా అవసరం వచ్చినప్పుడు కోర్టు నిఘంటువు తిరగేసి హద్దు గీస్తుంది. ఆ హద్దు పక్షాలు మనసులో అనుకున్న చోటే పడుతుందన్న భరోసా లేదు.

కోర్టులు ఎలా విడదీశాయి

ఈ విషయంలో ఇప్పటికీ ముందుగా గుర్తుచేసుకునేవి రెండు ఇంగ్లిష్ తీర్పులు. మొదటిది 1941 నాటి లీసెస్టర్‌షైర్ కౌంటీ కౌన్సిల్ వర్సెస్ మైకేల్ ఫారడే అండ్ పార్ట్‌నర్స్. ఆస్తుల విలువ కట్టే సంస్థతో ఒప్పందం ముగిశాక, ఆ పని కోసం తయారైన కాగితాలన్నీ తనవేనంది కౌన్సిల్. కోర్టు కాదంది. సలహా ఇవ్వడానికి నిపుణుడు తన కోసం రాసుకున్న నోట్లు నిపుణుడివే. క్లయింట్ డబ్బిచ్చి కొన్నది సలహాను. ఆ సలహా వెనక జరిగిన కసరత్తు కాగితాలు ఆ కొనుగోలులో లేవు.

రెండోది 1953 నాటి చాంట్రీ మార్టిన్ అండ్ కో వర్సెస్ మార్టిన్. ఇది నేరుగా అకౌంటెంట్లకు సంబంధించినది, మరింత పనికొచ్చేది. ఆడిట్ చేస్తూ తయారు చేసుకున్న వర్కింగ్ పేపర్లు, షెడ్యూళ్లు, చిత్తు లెక్కలు అకౌంటెంట్ సంస్థవేనని తేలింది. కానీ క్లయింట్ పన్ను గురించి పన్ను శాఖతో నడిపిన ఉత్తరప్రత్యుత్తరాలు క్లయింట్‌వి అయ్యాయి. ఎందుకంటే ఆ ఉత్తరాలు రాసేటప్పుడు అకౌంటెంట్ స్వతంత్ర నిపుణుడిగా రాయలేదు, క్లయింట్ ఏజెంటుగా రాశాడు. బల్ల ఒకటే, బీరువా ఒకటే, రాసిన చేయి కూడా ఒకటే. ఏ హోదాలో రాశాడన్నదాన్ని బట్టి కాగితం యజమాని మారిపోయాడు.

మన దేశంలో ఈ తీర్పులు కట్టుబడి తీరాల్సినవి కావు, ఒప్పించే బలం ఉన్నవి మాత్రమే. అయినా నిర్వచనం రాసేవాళ్లకు వీటిలో దొరికే ప్రశ్న విలువైనది: ఈ కాగితం ఎవరి వాడకం కోసం పుట్టింది? ఫోల్డర్ పేరు ‘ఇంటర్నల్’ అని ఉందా, ‘క్లయింట్’ అని ఉందా అన్నది ఈ ప్రశ్న ముందు నిలవదు.

బియ్యం మిల్లు షీట్‌ను ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. అకౌంటెంట్ పని రిటర్ను దాఖలు చేయడం వరకే అయితే, అది ఆయన తన దాఖలు సరిగ్గా ఉండటానికి చేసుకున్న కసరత్తు. ‘ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నుకు వచ్చే సర్దుబాటు) ప్రతి నెలా సరిచూసి తేడాలు చెప్పాలి’ అని పనిలో రాసి ఉంటే మాత్రం ఆ షీటే అప్పగించాల్సిన సరుకు. షీట్‌లో ఒక్క గడి కూడా మారలేదు. మారింది పని వర్ణన. కాబట్టి వర్కింగ్ ఫైళ్ల నిర్వచనం దానంతట అది నిలబడదు. ‘ఏం అప్పగించాలి’ అన్న షెడ్యూల్ ఎంత స్పష్టంగా ఉంటే ఇది అంత గట్టిగా నిలుస్తుంది.

మన సుప్రీంకోర్టు 2000లో ఇచ్చిన ఆర్.డి. సక్సేనా వర్సెస్ బలరాం ప్రసాద్ శర్మ తీర్పు ఈ చర్చకు మరో వైపు నుంచి వస్తుంది. మధ్యప్రదేశ్ రాష్ట్ర సహకార బ్యాంకు 1993లో తన న్యాయ సలహాదారును తప్పించి, కేసుల ఫైళ్లు తిరిగి ఇమ్మంది. తనకు రూ.97,100 ఫీజు బాకీ ఉందని, అది చెల్లిస్తే ఫైళ్లు ఇస్తానని ఆయన అన్నాడు. కాంట్రాక్ట్ చట్టం 171వ సెక్షన్ ప్రకారం బాకీ కోసం సరుకు అట్టిపెట్టుకునే హక్కు బ్యాంకర్లకు, ఫ్యాక్టర్లకు (ఇతరుల సరుకు అమ్మిపెట్టే ఏజెంట్లకు), రేవు యజమానులకు, హైకోర్టు అటార్నీలకు, పాలసీ బ్రోకర్లకు ఉంది. కేసు ఫైళ్లు ఆ సెక్షన్ చెప్పే ‘సరుకు’ కావని కోర్టు తేల్చింది. ఫీజు కావాలంటే దావా వేసుకోవచ్చు, ఫైలు పట్టుకుని కూర్చోకూడదు. క్లయింట్ కేసు మధ్యలో చిక్కుకుపోతాడన్నదే అసలు భయం. వృత్తి దుష్ప్రవర్తన అయితే అయిందన్నారు గానీ, బార్ కౌన్సిల్ విధించిన 18 నెలల నిషేధాన్ని మందలింపుగా తగ్గించారు.

171వ సెక్షన్ చివర్లో ఇంకో వాక్యం ఉంది, దాన్ని చాలామంది దాటేస్తారు. ఆ ఐదు వర్గాలు కాక మరెవరికీ, స్పష్టమైన ఒప్పందం ఉంటే తప్ప, పాత బాకీలన్నిటి కోసం సరుకు అట్టిపెట్టుకునే హక్కు లేదు. ఆ జాబితాలో అకౌంటెంట్ లేడు, ఆర్కిటెక్ట్ లేడు, సాఫ్ట్‌వేర్ కంపెనీ లేదు. అంటే ‘ఫీజు క్లియర్ అయ్యేదాకా ఫైలు ఇవ్వం’ అన్న రోజువారీ మాటకు, కాగితం మీద క్లాజు లేకపోతే, ఈ సెక్షన్ అండగా రాదు. అయితే ఇదంతా క్లయింట్ ఇచ్చిన వస్తువుల సంగతి. సర్వీసు ఇచ్చేవాడి సొంత వర్కింగ్‌లకు అసలు ఈ హక్కుతోనే పనిలేదు, అవి మొదటి నుంచీ ఆయనవే. అందుకే తగువులో ప్రతి పక్షమూ మధ్యలో ఉన్న కాగితాల్ని తన వైపు రాశిలోకి లాగాలని చూస్తుంది.

ఆడిటర్ ఫైలు వేరే జాతి

ఆడిట్ రంగంలో ఈ విషయాన్ని పక్షాల ఇష్టానికి వదల్లేదు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ జారీ చేసిన ఎస్‌ఏ 230 అనే ప్రమాణం ఆడిట్ డాక్యుమెంటేషన్ గురించే రాసినది. ఆ ఆడిట్‌తో ముందు ఏ సంబంధమూ లేని అనుభవజ్ఞుడైన మరో ఆడిటర్ ఫైలు తెరిస్తే, ఏం చేశారో, ఏం దొరికిందో, ఏ నిర్ణయానికి ఎందుకు వచ్చారో అర్థం కావాలన్నది దాని కొలత. రిపోర్టు తేదీ నుంచి మామూలుగా 60 రోజుల్లోపు ఫైలు కూర్పు పూర్తికావాలి. ఆ తర్వాత, దాచాల్సిన గడువు ముగిసేదాకా అందులోంచి ఏదీ తీసేయకూడదు. ఆ గడువు మామూలుగా ఏడేళ్లకు తగ్గదు. ఆ డాక్యుమెంటేషన్ ఆడిట్ సంస్థ సొత్తని నాణ్యతా ప్రమాణం ఎస్‌క్యూసీ 1 చెప్పింది. అందులో కొంత భాగం క్లయింట్‌కు చూపించాలా వద్దా అన్నది సంస్థ విచక్షణకే వదిలింది.

ఇదే ప్రమాణంలో నిర్వచనం రాసేవాళ్లు గమనించాల్సిన చిన్న మాట ఒకటుంది. పాతబడిపోయిన చిత్తుప్రతులు, అసంపూర్తి ఆలోచనల నోట్లు, అచ్చుతప్పులు దిద్దిన తర్వాత మిగిలిన పాత కాపీలు, డూప్లికేట్లు ఫైల్లో ఉంచాల్సిన అవసరం లేదని అది చెబుతుంది. అంటే వర్కింగ్‌లోనూ రెండు అరలు ఉన్నాయి. నిర్ణయానికి ఆధారమైనవి ఒక అర, ఆ దారిలో పారేసినవి మరో అర. ఎక్కువ ఒప్పందాలు ఈ రెంటినీ ఒకే మాటలో కట్టేస్తాయి. ఫలితంగా సర్వీసు ఇచ్చేవాడు పారేసే హక్కున్న చిత్తును కూడా ఏళ్ల తరబడి దాచాల్సి వస్తుంది. లేదా దాచి తీరాల్సిన ఆధారాన్ని ‘చిత్తే కదా’ అని పారేస్తాడు.

ఆధారం ఫైల్లో ఉండటం ఎంత ముఖ్యమో హైదరాబాద్‌కు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. 2009 జనవరి 7న లెక్కలు తారుమారు చేశామని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటపడ్డాక, అందరూ అడిగిన ప్రశ్న బ్యాంకు నిల్వల్ని ఆడిటర్లు ఎలా సరిచూసుకున్నారన్నది. అమెరికా సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2011 ఏప్రిల్‌లో, సత్యం ఆడిట్ చూసిన ప్రైస్ వాటర్‌హౌస్ భారత అనుబంధ సంస్థలపై 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. బ్యాంకులకు ధ్రువీకరణ లేఖలు పంపడం, జవాబులు అందుకోవడం కంపెనీ యాజమాన్యం చేతికే వదిలేశారన్నది అందులోని ప్రధాన తప్పు. ఆ లేఖ ఎవరి చేతి మీదుగా వెళ్లింది, ఎవరి చేతికి తిరిగి వచ్చింది అన్న వివరం దొరికేది వర్కింగ్ ఫైల్లోనే. 2018 అక్టోబరులో ఏర్పాటైన నేషనల్ ఫైనాన్షియల్ రిపోర్టింగ్ అథారిటీ కూడా పెద్ద కంపెనీల ఆడిట్‌ను పరిశీలించేటప్పుడు ముందు తెప్పించుకునేది ఆడిట్ ఫైలునే.

కాబట్టి ఆడిటర్‌తో చేసుకునే ఒప్పందంలో ‘వర్కింగ్ పేపర్లన్నీ కంపెనీ సొత్తు’ అని క్లయింట్ ఎంత పట్టుబట్టి రాయించుకున్నా, అది వృత్తి నియమాలకు ఎదురు నిలిచే క్లాజు. అక్కడ బేరం సొత్తు మీద చేస్తే లాభం లేదు. చూసే హక్కు, కాపీ తీసుకునే హక్కు, కొత్త ఆడిటర్ అడిగితే సహకరించే బాధ్యత, వీటి మీద చేయాలి.

ఓపెన్ ఫైల్ గొడవ

డిజైన్, ప్రింటింగ్ రంగంలో ఇదే తగువుకు ‘ఓపెన్ ఫైల్’ అని పేరు. ఫ్లెక్సీ షాపు నుంచి పుస్తక ప్రచురణ దాకా అందరికీ తెలిసిన మాట. పీడీఎఫ్ లేదా జేపీజీ ఇస్తే అది పూర్తయిన పని. మార్చుకోవడానికి వీలున్న ఫొటోషాప్, కోరెల్‌డ్రా, పేజ్‌మేకర్ ఫైలు ఇస్తే అది ఓపెన్ ఫైల్. డిజైనర్ దృష్టిలో ఓపెన్ ఫైల్ తన వర్కింగ్. క్లయింట్ దృష్టిలో డబ్బిచ్చి చేయించుకున్న సరుకు.

తెలుగు పుస్తకాల విషయంలో ఈ తగువు మరీ ఇబ్బంది పెట్టే రకం. ఏళ్ల తరబడి డీటీపీ అంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో జరిగింది. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. రచయిత చేతికి వచ్చిన పీడీఎఫ్‌ను ప్రింటుకు వాడుకోవచ్చు గానీ, అందులోంచి ఒక పేరా కాపీ చేసి వేరే చోట అతికిస్తే తెలుగు రాదు, గజిబిజి గుర్తులు వస్తాయి. రెండో ముద్రణలో నాలుగు తప్పులు దిద్దాలన్నా, ఈ-బుక్ వేయాలన్నా పాత పేజ్‌మేకర్ ఫైలు కావాలి. అది డీటీపీ చేసినవాళ్ల కంప్యూటర్లో ఉంటుంది. ఆ కంప్యూటర్ ఫార్మాట్ అయిపోయి ఉంటే మూడువందల పేజీలు మళ్లీ టైపు చేయించుకోవాల్సిందే. ఆ పనికి ఒప్పందం నోటి మాట, ధర పేజీకి ఇంత. ఫైలు సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇక్కడ కాపీరైట్ చట్టం ఒక చిక్కుముడిని జోడిస్తుంది. 1957 చట్టం 17వ సెక్షన్ ప్రకారం కృతికి మొదటి యజమాని దాని కర్త. జీతానికి పనిచేసే ఉద్యోగి గీస్తే అది యజమానికి చెందుతుంది. బయటి డిజైనర్‌కు కవర్ పేజీ చేయమని డబ్బిచ్చినంత మాత్రాన హక్కు మారదు. ఫొటో, పెయింటింగ్, పోర్ట్రెయిట్, ఎన్‌గ్రేవింగ్, సినిమా లాంటి కొన్ని చెప్పి చేయించుకున్న పనులకే ఆ మినహాయింపు. మిగతా వాటికి రాతపూర్వక బదలాయింపు కావాలి. అలా రాసుకున్నా, 19వ సెక్షన్ ప్రకారం గడువు చెప్పకపోతే ఐదేళ్లు, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే అనుకోవాలి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల కోసం పుస్తకం అక్కడ వేయించుకునే ప్రచురణకర్తకు ఆ రెండో మాట చిన్నది కాదు.

అసలు మెలిక ఏమిటంటే, కాపీరైట్ మొత్తం రాయించుకున్నా ఓపెన్ ఫైల్ చేతికి వస్తుందన్న హామీ లేదు. బొమ్మ మీద హక్కు వేరు, ఆ బొమ్మ లేయర్లు విడివిడిగా ఉన్న ఫైలును అప్పగించే బాధ్యత వేరు. ఒకటి రాసి రెండోది రాయకపోతే, క్లయింట్ దగ్గర హక్కు ఉంటుంది, ఫైలు ఉండదు. ఇంటి పట్టా చేతిలో ఉండి తాళంచెవి లేనట్టు.

రాసేటప్పుడు

‘రికార్డులు, ఫైళ్లు, పత్రాలు, డేటా, తదితరాలన్నీ’ అని వరసగా పేర్చితే భద్రంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ వరసలో ఒక్కో మాటకూ ఒక్కో అర్థం ఉందా, అన్నీ ఒకటేనా అన్న కొత్త తగువు పుడుతుంది. నిర్వచనంలో ‘అంటే’ అని రాశారా, ‘ఇవి కూడా చేరతాయి’ అని రాశారా అన్నదీ చిన్న తేడా కాదు. మొదటిది తలుపు మూస్తుంది, రెండోది తెరిచి ఉంచుతుంది. చట్టాల్లో ఈ రెండు ప్రయోగాల తేడాను సుప్రీంకోర్టు 1995లో పి. కాశీలింగం కేసులో వివరించింది. ఒప్పందాలు చదివేటప్పుడూ లాయర్లు ఇదే కళ్లద్దాలు పెట్టుకుంటారు.

బియ్యం మిల్లు లెటర్‌లో ఈ కింది రెండు వాక్యాలు ఉండి ఉంటే ఫోన్ సంభాషణ వేరేగా సాగేది:

‘వర్కింగ్ ఫైళ్లు అంటే, ఈ ఒప్పందం కింది పనిని పూర్తి చేయడానికి అకౌంటెంట్ తన సొంత వాడకం కోసం తయారు చేసుకున్న నోట్లు, లెక్కల షీట్లు, చెక్‌లిస్టులు, చిత్తుప్రతులు, తన సిబ్బంది మధ్య నడిచిన సందేశాలు, అవి కాగితం మీద ఉన్నా కంప్యూటర్లో ఉన్నా. క్లయింట్ ఇచ్చిన పత్రాలు, డేటా, క్లయింట్ తరఫున ప్రభుత్వ శాఖలకు పంపినవి, వాటి నుంచి వచ్చినవి, టాలీ డేటా, షెడ్యూల్ 1లో అప్పగించాల్సినవిగా రాసుకున్నవి ఎక్కడ దాచినా, ఏ పేరుతో దాచినా వర్కింగ్ ఫైళ్లు కావు.’

మొదటి వాక్యం బరువంతా ‘తన సొంత వాడకం కోసం’ అన్న నాలుగు మాటల మీద ఉంది. రెండో వాక్యం బరువు ‘ఏ పేరుతో దాచినా’ మీద ఉంది. శాఖలతో నడిచిన ఉత్తరాల్ని బయట పెట్టడం చాంట్రీ మార్టిన్ తీర్పు నేర్పిన పాఠం. టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోని డేటాను పేరు పెట్టి చెప్పడం అనుభవం నేర్పినది. అది క్లయింట్ లెక్కల పుస్తకమే అయినా, అకౌంటెంట్ ఆఫీసులో ఆయన లైసెన్సు మీద, ఆయన కంప్యూటర్లో ఉంటుంది గనక వర్కింగ్ అని పొరబడే అవకాశం ఎక్కువ.

సొత్తు తేలాక కూడా మూడు సంగతులు మిగులుతాయి: ఎవరు చూడొచ్చు, ఎంత కాలం దాచాలి, ఎప్పుడు చెరిపేయాలి. వీటిని ‘సొత్తు’ అన్న ఒక్క మాటలో ఇరికించడమే ఎక్కువ ముసాయిదాల్లో కనిపించే లోపం. ఫైలు అకౌంటెంట్‌దే అయినా, పన్ను నోటీసు వస్తే సంబంధిత షీట్ కాపీ ఇన్ని రోజుల్లో ఇవ్వాలని రాసుకోవచ్చు. అలా రాసుకుంటే సొత్తు మీద సగం తగువులు అక్కడే చల్లారతాయి. క్లయింట్‌కు కావాల్సింది ఫైలు కాదు, ఆ రోజున ఆ జవాబు.

దాచే గడువులు చట్టాలు ముందే రాసిపెట్టాయి. జీఎస్టీ కింద వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. కంపెనీల చట్టం 128వ సెక్షన్ కింద ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు. ‘ఒప్పందం ముగిసిన 30 రోజుల్లో అన్నీ తిరిగివ్వాలి లేదా నాశనం చేయాలి’ అని గోప్యతా క్లాజుల్లో కనిపించే మాటను ఈ అంకెల పక్కన పెడితే పొసగదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం అవసరం తీరిన వ్యక్తిగత డేటాను చెరిపేయమంటుంది, వేరే చట్టం దాచమంటే తప్ప. కాబట్టి జీతాల షీట్ లాంటి దాంట్లో లెక్క ఉండాలి, ఉద్యోగి ఆధార్ కాపీ ఉండకూడదన్న పరిస్థితి రావచ్చు. ఒకే ఫోల్డర్‌కు రెండు గడువులు. ప్రభుత్వ కచేరీల్లో ఈ జంజాటం పాతదే, ఫైలు ఎంత కాలం దాచాలో దాని మీది ముద్రే చెప్పేది: ఎల్.డిస్. అయితే ఏడాది, డి.డిస్. అయితే పదేళ్లు, ఆర్.డిస్. అయితే శాశ్వతం. ఫైలు మూసే రోజే గుమాస్తా ఆ ముద్ర వేసేవాడు. ప్రైవేటు ఒప్పందాలకు ఆ క్రమశిక్షణ ఇంకా పట్టుబడలేదు.

‘అంతర్గతం’ అన్న ముద్ర చేయలేనివి

అంతర్గత రికార్డు అని పేరు పెడితే బయటివాళ్లు ముట్టుకోలేరన్న నమ్మకం ఒకటి ఉంది. ఒప్పందం పక్షాల్ని కట్టేస్తుంది గానీ కోర్టును, పన్ను అధికారిని, నియంత్రణ సంస్థను కట్టేయదు. కంపెనీ సొంత లాయర్ రాసిన మెయిల్ మీద ‘ప్రివిలేజ్డ్’ (లాయర్-క్లయింట్ రహస్యం, బయటపెట్టనక్కర్లేదు) అని రాసినా, జీతానికి పనిచేసే ఆ లాయర్‌కు బయట ప్రాక్టీసు చేసే న్యాయవాదికి భారతీయ సాక్ష్య అధినియంలో ఉన్న 132వ సెక్షన్ రక్షణ వర్తించదని సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 31న చెప్పింది. ఉన్నది దాచి చూపించకపోతే, చూపిస్తే తనకే నష్టమని దాచాడని కోర్టు అనుకోవచ్చు. అది సాక్ష్య చట్టంలో పాత సూత్రమే.

అవతలి పక్షం ప్రభుత్వమైతే ఆ ముద్రకు బలం ఇంకా తక్కువ. సర్కారు ఫైలుకు రెండు భాగాలు: ఉత్తరాలుండే కరెంట్ ఫైలు, అధికారుల అభిప్రాయాలుండే నోట్ ఫైలు. నోట్ ఫైలు అంతర్గతం గనక సమాచార హక్కు కిందికి రాదని కేంద్ర సిబ్బంది శాఖ వాదించింది. చట్టంలో ‘రికార్డు’ నిర్వచనంలో ‘ఫైలు’ అనే మాట ఉందని, ఫైల్లో నోట్లు భాగమేనని 2006 జనవరి 31న సత్యపాల్ కేసులో కేంద్ర సమాచార కమిషన్ తేల్చింది. నిర్వచనంలో ఉన్న ఒక్క మాట ఒక శాఖ వాదనను పడగొట్టింది. వ్యాపార రహస్యాలకు 8వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, కానీ అది ముద్ర వేస్తే వచ్చేది కాదు, నిరూపించుకుంటే వచ్చేది.

ఒక ఒప్పందంలో ‘అంతర్గతం’ అన్న పక్షమే మరో ఒప్పందంలో ఎదురు వైపు కూర్చుంటుంది, అప్పుడు కోరిక తలకిందులవుతుంది. సినిమా నిర్మాత తన ఆఫీసు లెక్కల్ని అంతర్గతం అంటాడు. థియేటర్ నుంచి వాటా రావాల్సినప్పుడు మాత్రం రోజువారీ కలెక్షన్ రిపోర్టు డీసీఆర్ ఒక్కటే సరిపోదు, టికెట్ సాఫ్ట్‌వేర్ లాగ్, కౌంటర్ లెక్క, రద్దయిన టికెట్ల జాబితా కూడా ‘రికార్డులు’ అనే మాటలోకి రావాలంటాడు. తనిఖీ హక్కు ఉన్న ఒప్పందంలో ‘రికార్డుల’ నిర్వచనం వెడల్పుగా ఉండాలి, సేవలు కొనే ఒప్పందంలో ‘వర్కింగ్ ఫైళ్ల’ నిర్వచనం ఇరుగ్గా ఉండాలి. ఒకే టెంప్లేట్‌ను రెండు చోట్లా అతికిస్తే ఎక్కడో ఒకచోట సొంత చేతులే కట్టేసుకున్నట్టవుతుంది.

చివరిగా మిగిలేది ఫైలు అని ఎవరూ అనుకోని వస్తువు. చిన్న వ్యాపారుల్లో చాలామంది డిజిటల్ సంతకం డాంగిల్ అకౌంటెంట్ సొరుగులోనే ఉంటుంది. జీఎస్టీ పోర్టల్‌లో రిజిస్టరైన మొబైల్ నంబరు, ఈ-మెయిల్ కూడా తరచూ అకౌంటెంట్ ఆఫీసువే. ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది. ఫైళ్లన్నీ ఆటోలో ఇంటికి చేరినా, పోర్టల్ తలుపు మాత్రం పాతాయన చేతిలోనే ఉంటుంది. షెడ్యూల్ 1 చివర్లో ఈ మూడు పేర్లూ రాసి, ఎదురుగా రెండు గడులు గీయాలి: ఒకదాంట్లో మార్చిన తేదీ, రెండోదాంట్లో ఇద్దరి సంతకాలు.